పరదేశపు బాటలో ఇల్లుబండి

ఇంటిని వెంటగొని ప్రయాణించుట కృష్ణా డెల్టావారికి క్రొత్త కాదు. ఏలూరు కాలువలోను, బందరు కాలువలోను పడవలు నడచిన దినములలో పొయ్యి, పరుపులు, పచ్చడి జాడీలతో సహా రాత్రులు నీటిమీదనే గడపిన కుటుంబము లుండెను. గూడుబండి కట్టించుకొని తిరునాళ్ళకు పోవుటయు అట్టిదే. నేడు వారి మనుమలు న్యూజిలాండు దక్షిణ ద్వీపమున మోటార్ హోమ్ అనబడు ఇల్లుబండిని అద్దెకు తీసికొని, తల్లిదండ్రులను, పిల్లలను ఎక్కించుకొని కొండలవెంట తిరుగుచున్నారు. పడవకు సరంగు ఉండెను. గూడుబండి ఎద్దులు త్రోవ నెరిగినవి. ఈ బండికి మాత్రము ఇంటి యజమానియే సారథి. చిక్కంతయు అచ్చటనే యున్నది.

బెంజి సర్కిలులో ముప్పది యేండ్లు కారు నడపినవాడు ఎక్కడనైనను నడపగలడను ధీమా బెజవాడవారికి కలదు. న్యూజిలాండులోను ఎడమ ప్రక్కనే నడపవలసి యుండుటచే ఆ ధీమా రెట్టింపగును. అది బొత్తిగా నిరాధారమని చెప్పరాదు. ఏ సందునుండి సైకిలు వచ్చునో, ఏ గేదె ఎప్పుడు అడ్డము తిరుగునో కనిపెట్టు చూపు సామాన్యమైనది కాదు. ఐనను అది ఎవరిని నమ్మకుండుటచే అలవడిన విద్య. అచ్చటి బాట నమ్మకముపై నడచును.

ఒక్క వంతెన చాలును నిదర్శనమునకు. గుడివాడ ప్రాంతపు ఇరుకైన కాలువ వంతెనపై రెండు బండ్లు ఎదురుపడినచో ముందు హారను మ్రోగించి, ముందు చక్రము మోపినవానిదే దారి. న్యూజిలాండులో, విశేషించి పడమటి తీరమున, ఒకే బండి పట్టు వంతెనలు అనేకము కలవు. పలకపై చిన్న ఎఱ్ఱ బాణము తాను పోవు దిక్కును చూపినచో ఆగి, ఎదుటి బండిని దాటనీయవలెను. ఎదుటివాడు హారను మ్రోగింపడు. వేగమును అంతగా తగ్గింపడు. వీరు ఆగుదురని నమ్మియే వచ్చును. ఆ నమ్మకము వమ్మైనచోట ఇల్లుబండిలోని ఇల్లంతయు నదిపాలగును.

ఇక పత్రముల సంగతి. 1949 నాటి జెనీవా ఒప్పందము ననుసరించి మన రవాణా కార్యాలయములు అంతర్జాతీయ పర్మిటు నిచ్చుచున్నవి. 2022లో దానికి దేశమంతట ఒకే నమూనా ఏర్పరచిరి. నమూనా మారినది గాని, దానికై క్రొత్తగా ఏ పరీక్షయు లేదు. చేతనున్న లైసెన్సునే అది పరభాషలలో చెప్పును; సామర్థ్యమును చెప్పదు. దానిని యోగ్యతాపత్రముగా భావించుట పెద్ద పొరపాటు. లైసెన్సు ఆంగ్లములో నున్నచో న్యూజిలాండులో పర్మిటుతో పని లేదు; కాని నడపునప్పుడు అసలు లైసెన్సు చెంత నుండితీరవలెను. తేలిక వాహనమనగా ఇచ్చట 7,500 కిలోల వరకు. అచ్చటి మొదటి తరగతి లైసెన్సుకు 6,000 కిలోలే హద్దు. 3,500 కిలోలు మించిన బండి గంటకు 90 కిలోమీటర్లు దాటరాదు. ఆరుగురు పండుకొను బండ్లలో చాల భాగము ఈ కోవలోనివే.

భీమాను గూర్చి ఒక్క మాట. ఒప్పందమున పేరు లేనివాడు స్టీరింగు పట్టినచో భీమా చెల్లదు. క్వీన్స్‌టౌన్ చేరువనున్న స్కిప్పర్స్ బాట వంటిచోట్లకు అద్దెబండి కొనిపోయినను అంతే.

బండి కదలుచుండగా బామ్మగారు కాఫీ కాచుటకు లేవరాదు; తాతగారు వెనుక పరుపుపై నడుము వాల్చరాదు. బెల్టు ఉన్న ఆసనముననే కూర్చుండవలెను. పదునైదేండ్ల లోపు పిల్లలు బెల్టు పెట్టుకొనకున్నచో నేరము సారథిది. ఏడేండ్లు నిండనివారికి వేరే ఆసనము కావలెను, ఒడి చాలదు. రాత్రి విడిదికిని చట్టము కలదు. 2011లో వచ్చిన ఆ చట్టమును 2023లో మరింత బిగించిరి. బండిలోని మురుగునీటిని నియమిత స్థలములందే వదలవలెను. బెజవాడ నడిబొడ్డున మూడు కాలువలను మురుగుపాలు చేసికొన్నవారికి ఇది కొంత వింతగా తోచవచ్చును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మొదటి దినమున గలదు. గన్నవరమున విమానమెక్కి, నడుమ మారి, క్రైస్ట్‌చర్చిలో దిగునప్పటికి కంటికి కునుకుండదు. గడియారము ఆరేడు గంటలు ముందుకు జరిగియుండును. అద్దె నాటినుండియే లెక్కయని తండ్రిగారు తొందరపెట్టుదురు. కొడుకు ఆ మాట వినక హోటలులో గది తీసికొని నిద్రింపవలెను. బండి మరునాడు తెచ్చుకొనవచ్చును.