గురిగింజకు తగిన కెమెరా

ఏటి యొడ్డున గవ్వను, తోటలో రాలిన గింజను, కంచెపై చిక్కిన తూనీగ రెక్కను ఏరి దాచుకొనుట బాలబాలికలకు ప్రీతికరమైన పని. కాని యిట్టి వస్తువులు చిరకాలము నిలువవు. రెక్క చిట్లును, పచ్చికాయ ముడుతలు పడును, గవ్వ చేతులు మారి ఎక్కడికో పోవును. కావున వాని రూపమును ఛాయాచిత్రముగా నిలుపుకొనవలెనను కోరిక సహజమైనదే. ఆ కోరికతో అంగడికి పోయినవారు మొట్టమొదట వినునది మెగాపిక్సెళ్ల సంఖ్య. సంఖ్య పెరిగినకొలది వెల పెరుగును. వెంట వచ్చిన తండ్రి ముఖము వాడును. ఇంత వ్యయమునకును గురిగింజకు కలుగు మేలు మిక్కిలి స్వల్పము.

లెక్క చూచినచో ఈ సంగతి తేటపడును. గురిగింజ వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. (ఇది విషపు గింజ, నోట పెట్టరాదు.) కెమెరాలో బింబము పడు పలకను సెన్సారందురు. పెద్ద కెమెరాలలో దాని నిడివి 36 మిల్లీమీటర్లు. సామాన్యమైన కటకము, ఎంత దగ్గరకు జరిపినను, వస్తువును ఆ పలకపై ఇంచుమించు ఏడవవంతు పరిమాణముననే చూపును. 24 మెగాపిక్సెళ్ల పలకపై అడ్డముగా 6000 చుక్కలుండగా, గింజకు దక్కునవి సుమారు 140. 48 మెగాపిక్సెళ్ల కెమెరా కొన్నచో అవి 200 అగును, అంతే. కాని మొదటి కెమెరాకే, వస్తువును దాని నిజప్రమాణమున చూపు మాక్రో కటకమును తగిలించినచో ఆ చుక్కలు 1000 అగును. కనుక అంగడిలో అడుగవలసినది మెగాపిక్సెళ్లు ఎన్నియని కాదు, చిన్న వస్తువును ఎంత పెద్దదిగా చూపునని.

జర్మనీ దేశమున కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అను ఉపాధ్యాయుడు ఉండెను. ఆయన 1865లో జన్మించి 1932లో మరణించెను. బెర్లిన్ నగరమందలి కళాపాఠశాలలో మొక్కలను చూచి ప్రతిమలు మలచుటను సుమారు ముప్పది యేండ్లు నేర్పెను. మొగ్గలు, నులితీగెలు, విత్తనపు తొడిమలు వెనుక బల్లవానికి కనిపించుట యెట్లు? అందుకై ఆయన వానిని పెద్దవిగా చూపు ఛాయాచిత్రములను తీసెను. పూలతోటల పువ్వులకంటె త్రోవప్రక్క కలుపుమొక్కలే ఆయనకు ప్రియమైనవి. వాడినది చేతితో చేసుకొన్న కొయ్య కెమెరా. వెనుక సాదా అట్ట, పైన మెత్తని పగటివెలుగు. ఇంతకుమించిన హంగు లేదు. ఆ చిత్రములలో మొక్కలు ముప్పది రెట్ల వరకు పెద్దవిగా కనిపించును. 1928లో అవి గ్రంథముగా వెలువడినపుడు కళాకోవిదులు ఆశ్చర్యపడిరి. పాఠము చెప్పుటకు తీసిన చిత్రములవి!

పెద్ద సెన్సారు గల కెమెరాయే శ్రేష్ఠమని వాదించువారు గలరు. గోడంత చిత్రము అచ్చు వేయించువారి విషయమున ఆ మాట నిజమే. కాని నిజప్రమాణమున చిత్రము తీయునపుడు, ఎఫ్ 8 రంధ్రముతోనైనను, అట్టి కెమెరాలో స్పష్టముగా నుండు లోతు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. గింజ నడుమ తేటగానుండి అంచులు మసకబారును. చిన్న సెన్సారు గల కెమెరాలో అదే దృశ్యమునకు ఈ లోతు ఎక్కువగా నుండును. 2023లో వచ్చిన టీజీ-7 వంటి చిన్న కెమెరాలు కటకమునకు 1 సెంటీమీటరు దూరమున నున్న వస్తువును సైతము పట్టుకొనగలవు. కాని అంత దగ్గరకు పోయిన కెమెరా నీడ వస్తువుపైననే పడును. ప్రక్కనుండి వెలుగు వచ్చునట్లు చూచుకొనవలెను.

విద్యార్థికి మాత్రము ఇంటనున్న సెల్ ఫోను తరచుగా చాలును. అయితే వెనుక కటకములెన్ని యున్నవని మురియరాదు. చవుక ఫోనులలో మాక్రో పేరిట నుండు కటకము పెక్కుమార్లు 2 మెగాపిక్సెళ్లది, అది పేరునకే. ఏది కొన్నను, అంగడిలోనే రూపాయి నాణెముపై సంవత్సరపు అంకెలను చిత్రము తీసి, పెద్దదిచేసి చూచుట మంచిది. చేయి వణకినచో ఎంత వెలగల కెమెరాయైనను వ్యర్థమే గనుక, దానిని మూడుకాళ్ల స్టాండుపై బిగించు మరచుట్టు ఉన్నదో లేదో చూడవలెను. ఫోనుకైనచో నాలుగు పుస్తకముల దొంతర చాలును.

మిగిలినది ఆరు అంగుళముల కొలబద్ద. అది ప్రక్కన లేనిచో గోరంత గవ్వ గుప్పెడంత శంఖమువలె తోచును. వస్తువును తీయకముందు, అది పడియున్న చోటనే ఒక చిత్రము తీయవలెను. ఇంటికి తెచ్చిన పిదప కిటికీ ప్రక్కన, కొలబద్దతో మరియొకటి. గవ్వ సముద్రతీరమున దొరికినదో, చెరువుగట్టున దొరికినదో మొదటి చిత్రము చెప్పును.