ట్రైలరు కొక్కెము - రైతు క్షేమము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో పండిన ప్రత్తి నేడు చాలవఱకు ట్రాక్టరు ట్రైలర్లమీదనే ఆదోని మార్కెట్టు యార్డునకు పోవుచున్నది. ట్రాక్టరు కొనునపుడు హార్సుపవరును విచారింతుము. ట్రైలరు కొనునపుడు తొట్టి కొలతను, టైర్లను పరీక్షింతుము. ఆ రెంటిని కలుపు కొక్కెము ఎంత యెత్తున నున్నది, ఇరుసునకు ఎంత దూరమున నున్నది యని యడుగువారు అరుదు. బండి నిలుకడ యంతయు ఆ చోటనే యున్నదని మా యభిప్రాయము.

ఈ విషయము మన పెద్దలకు క్రొత్త కాదు. ఎద్దుల బండిలో బరువు వెనుకకు మొగ్గినచో కాడి మెడలమీదినుండి పైకి లేచును. మిక్కిలి ముందునకు మొగ్గినచో మెడలు పుండ్లు పడును. రెండు చక్రముల ట్రైలరునకును ఇదే న్యాయము. బోరెములను వెనుకవైపున పేర్చినచో కొక్కెము పైకి లేవజూచి, ట్రాక్టరు వెనుక చక్రముల పట్టును తగ్గించును. వేగము హెచ్చినకొలది ట్రైలరు ప్రక్కలకు ఊగును. కావున బరువు ట్రైలరు ఇరుసునకు కొంచెము ముందుగా నుండవలెను.

అట్లని కొక్కెముపై ఎంత బరువైనను మోపరాదు. ట్రాక్టరు ముందు వెనుక ఇరుసుల నడిమి దూరము 6 అడుగులనుకొందము. కొక్కెము వెనుక ఇరుసునకు 2 అడుగుల వెనుక నుండి, దానిపై 300 కిలోలు పడినచో ముందు చక్రములపై 100 కిలోలు తగ్గును. కొక్కెమును 3 అడుగులకు పొడిగించినచో 150 కిలోలు తగ్గును. ముందు చక్రములు తేలినచో స్టీరింగు త్రిప్పినను ప్రయోజనము లేదు. అదియుగాక, పల్లమున బ్రేకు వేసినపుడు ట్రైలరు వెనుకనుండి త్రోయును. కొక్కెము ఇరుసునకు దూరమైనకొలది ఆ త్రోపు ట్రాక్టరును సులభముగ అడ్డము త్రిప్పివేయును.

ఎత్తు విషయము మఱింత ముఖ్యము. బురదలో దిగబడిన ట్రైలరును లాగుటకు గొలుసును టాపులింకునకో, ఇరుసుపైననో కట్టుట ప్రాణాంతకము. బరువు కదలక వెనుక చక్రములు తిరుగలేనపుడు ఇంజను బలము ట్రాక్టరు మొగమునే పైకి లేపును. క్షణములలో అది డ్రైవరుమీదికి తిరుగబడును. లాగుడు ఎల్లప్పుడును వెనుక ఇరుసు మట్టమునకు క్రిందనున్న డ్రాబారునుండియే జరుగవలెను. ఎత్తు కుదురనిచో డ్రాబారును పైకి వెల్డింగు చేయింపక, ట్రైలరు నొగను సరిచేయించుట మేలు.

ఇంతవఱకు ఏమియు కాలేదు గదా యని కొందఱందురు. చదునైన బాటలో ఖాళీ ట్రైలరు ఏ లోపమును చూపదు. నిండు బరువు, పల్లము, బురద కలిసిన దినముననే అది బయటపడును.

ఒక్కొక్కరికి కష్టమైన పని సంఘమునకు సులభము. 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు చేనేతవారికి సహకార సంఘమును నెలకొల్పి ఆ మార్గమును చూపిరి. ప్రత్తి యేరుటకు ముందు ప్రతి సంఘమును ఒక దినము నిర్ణయించి, మెకానికును రప్పించి, సభ్యుల కొక్కెములను, అరిగిన పిన్నులను, గొలుసులను పరీక్ష చేయించవలెను. ట్రాక్టరు అప్పులకు ఈ పరీక్షను షరతుగా పెట్టినను తప్పు లేదు. అప్పు తీర్చవలసినవాడు క్షేమముగ ఇల్లు చేరుటయే సంఘమునకు మొదటి హామీ.