విజ్ఞాన వీచిక: అసలైన ఆకాశవాణి

రాత్రివేళ ఆకాశంలో మన కంటికి కనిపించేది విశ్వం పంపే సమాచారంలో అత్యల్ప భాగం. నక్షత్ర మండలాలు కాంతితోపాటు రేడియో తరంగాలను కూడ నిరంతరం వెదజల్లుతుంటాయి. ఈ సంగతిని బయటపెట్టినవాడు అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాల ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ. సముద్రాల మీదుగా సాగే టెలిఫోను సంభాషణలకు అడ్డుతగిలే రొద ఎక్కడిదో కనిపెట్టడం ఆయనకు అప్పగించిన పని. ఆ రొదలో కొంత భాగం ప్రతిదినం నాలుగు నిమిషాలు ముందుగా వస్తున్నదని ఆయన గమనించాడు. నక్షత్రోదయాల లెక్క కూడ అదే గదా! ఆ రొద పాలపుంత నుండి వస్తున్నదని 1933లో ఆయన ప్రకటించడంతో రేడియో ఖగోళశాస్త్రానికి నాంది పలికినట్లయింది.

రేడియో దూరదర్శినిలో అద్దానికి బదులు లోహపు పళ్ళెం ఉంటుంది. అది తరంగాలను ఒకచోటికి చేర్చి గ్రాహకంపై పడవేస్తుంది. ఆ క్షీణ సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచి కంప్యూటరుకు అందిస్తారు. అయితే రేడియో తరంగాలు కాంతి తరంగాలకంటె లక్షల రెట్లు పొడవైనవి. కనుక సూక్ష్మవివరాలు తెలియాలంటే పళ్ళెం వ్యాసం కిలోమీటర్లలో ఉండాలి. అది అసాధ్యం కాబట్టి, దూరదూరంగా నిలిపిన అనేక పళ్ళేల సంకేతాలను మేళవించి, ఒకే మహా దూరదర్శినిగా పనిచేయిస్తారు.

ఈ రంగంలో మన దేశానికి విశిష్టస్థానం సంపాదించిపెట్టినవారు ఆచార్య గోవింద్ స్వరూప్. 1970లో ఊటీలో వెలసిన 530 మీటర్ల దూరదర్శినిని ఆ ప్రదేశపు అక్షాంశానికి సరిపోయే కొండవాలుపై నిర్మించారు. అందువల్ల దాని అక్షం భూమి అక్షానికి సమాంతరమై, ఒక్క భ్రమణంతోనే నక్షత్రాలను వెన్నంటి పోగలుగుతున్నది. తరువాత పుణె జిల్లాలోని ఖోడద్ గ్రామం వద్ద ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్ళేలు సుమారు 25 కిలోమీటర్ల పరిధిలో వెలిశాయి. వీటిది రేకు కాదు, సన్నని ఉక్కుతీగల వల. తరంగదైర్ఘ్యం కంటె వల కన్నులు చాల చిన్నవి కావడంచేత తరంగాలు పరావర్తనం చెందుతాయి, గాలి మాత్రం దూసుకుపోతుంది. తత్ఫలితంగా బరువూ తగ్గినది, వ్యయమూ తగ్గినది.

విశ్వంలో అత్యధికంగా ఉన్న హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల తరంగాన్ని వెలువరిస్తుంది. దాని పౌనఃపున్యం 1420 మెగాహెర్ట్జ్. ఆ తరంగం చాలదూరం నుండి వచ్చేసరికి విశ్వవ్యాకోచం వల్ల సాగిపోతుంది. 880 కోట్ల సంవత్సరాల క్రితం ఒక నక్షత్రవీథి నుండి బయలుదేరిన ఈ సంకేతాన్ని ఖోడద్ పళ్ళేలు పట్టుకొన్నట్లు 2023లో వెల్లడైనది. అప్పటికి ఆ తరంగం 48 సెంటీమీటర్లకు సాగినది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. 1400 నుండి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరూ ప్రసారాలు చేయరాదని అంతర్జాతీయ నిబంధన కలదు. కాని సాగివచ్చిన ఆ సంకేతం 620 మెగాహెర్ట్జ్ వద్ద చేరుతుంది. టెలివిజన్, మొబైల్ సేవలు వాడుకొనే ఆ ప్రాంతానికి అట్టి సమగ్ర రక్షణ లేదు. చంద్రునిపై ఒక సాధారణ సెల్‌ఫోను మ్రోగినా, ఖగోళంలోని అనేక ప్రబల రేడియో మూలాలకంటె బిగ్గరగా వినిపిస్తుంది! అటువంటప్పుడు పక్కఊరి టవరు మాట చెప్పనక్కరలేదు.

సెల్‌ఫోన్లను వదులుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కాని నివారింపదగిన రొద కూడ కొంత ఉన్నది. విద్యుత్ తీగలో ఒక వదులైన జోడింపు, పగిలిన ఒక ఇన్సులేటరు వద్ద ఎగసే నిప్పురవ్వ విస్తృతమైన పౌనఃపున్యాలలో రేడియో తరంగాలను చిమ్ముతుంది. ఆ జోడింపును బిగించే లైన్‌మన్ కరెంటును సక్రమంగా నడిపించడమే కాదు, కోట్ల ఏండ్ల ప్రయాణం ముగించుకొని వచ్చిన ఒక సందేశానికి దారి కూడ ఇస్తున్నాడు.