ముందు డిస్క్ మార్చండి, ల్యాప్‌టాప్ సంగతి తర్వాత

మా హాస్టల్లో ఒక అలవాటుంది. పొద్దున్నే ల్యాప్‌టాప్ ఆన్ చేసి, బకెట్ పట్టుకుని స్నానానికి వెళ్ళడం. తిరిగొచ్చేసరికి విండోస్ తెరుచుకుని ఉంటే అదృష్టమే. నాదీ అదే కథ. "పాతదైపోయింది, కొత్తది కొనుక్కో" అన్నాడు రిపేరు షాపాయన. ఇంటికి ఫోన్ చేసి నాన్నని నలభై వేలు అడగడానికి నోరు రాలేదు.

ఒకరోజు టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది, డిస్క్ మాత్రం 100 శాతం! ముసలిదైంది ల్యాప్‌టాప్ కాదు, అందులో నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ అని అప్పుడర్థమైంది.

హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరగాలి, హెడ్ సరైన చోటికి జరగాలి. ఒక్కో వెతుకులాటకి పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. బూట్ అయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్ళు ఎక్కడెక్కడి నుంచో చదవాలి కదా, అవన్నీ కలిసి నిమిషాలవుతాయి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. అదే పని మిల్లీసెకనులో పదోవంతులో అయిపోతుంది. పాత సాటా పోర్టుకి తగిలించినా తేడా కళ్ళకు కనిపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ధరలో పదోవంతు కూడా కాలేదు నాకు.

మరి హైబ్రిడ్? సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని మా ఫ్రెండ్ ఊరించాడు. అది కూడా తిరిగే డిస్కే, పక్కన కాస్త ఫ్లాష్ మెమరీ ఉంటుంది, చాలావాటిలో 8 జీబీ మాత్రమే. తరచూ వాడే ఫైళ్ళకే ఆ వేగం. ఎస్ఎస్‌డీలు ఖరీదుగా ఉన్న రోజుల్లో అది తెలివైన పనే. ఇప్పుడు అనవసరం.

అయితే ఒక మాట. వేగం వేరు, భద్రత వేరు. రికార్డ్ సబ్మిషన్‌కి రెండు రోజుల ముందు మినీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను. హార్డ్ డిస్క్ అయితే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరికే ఆశ ఉండేది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే కమాండ్ వల్ల, డిలీట్ చేసిన చోటుని డ్రైవే తుడిచేసుకుంటుంది. నన్ను కాపాడింది ఎవరో తెలుసా? పనికిరాదని తీసేసిన ఆ పాత హార్డ్ డిస్కే! దాన్ని యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, ఆదివారం అన్నీ కాపీ చేసుకున్నాను. పోయింది మూడు రోజుల పని మాత్రమే.

అందుకే నా మాట: పని చేయడానికి ఎస్ఎస్‌డీ, దాచుకోవడానికి పాత డిస్క్. ఇంట్లో డబ్బులడిగే ముందు ఒక్కసారి టాస్క్ మేనేజర్ తెరవండి. ఈ ఆదివారం మీ ప్రాజెక్ట్ ఫోల్డర్ కాపీ చేయండి. షిఫ్ట్ డిలీట్ నాకొక్కడికే రాసిపెట్టలేదు!