సాయంత్రం బడిని తప్పుపట్టే ముందు

సంపాదకులకు,

బస్తీల్లో వలంటీర్లు నడిపే సాయంత్రపు చదువు కేంద్రాల వల్ల సర్కారు బడికి బాధ్యత లేకుండా పోతోందని గత వారం మీ పత్రికలో ఓ వ్యాసకర్త రాశారు. సగమే ఒప్పుకుంటాను. ఒక్కో పిల్లవాడి స్థాయి చూసి, అవసరమైతే అదనంగా చెప్పాల్సింది టీచరేనని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉన్నమాట నిజమే. కానీ హోంవర్కు చేసుకోవడానికి చట్టం చోటివ్వదు కదా! ఒకే గది, అందులోనే పొయ్యి, మంచం, టీవీ. ఇళ్లలో పనికి వెళ్లిన అమ్మ తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది.

మేం సాయంత్రాలు చదువు చెప్పే కమ్యూనిటీ హాలుకు వచ్చే ఓ ఐదో తరగతి పిల్లాడి నోటుబుక్కులో జవాబులు ముత్యాల్లా ఉంటాయి. తను రాసిందే చదవమంటే ‘రాష్ట్రం’ దగ్గర ఆగిపోతాడు. ‘ష’ కింది రెండు వత్తులూ గైడు చూసి దించాడంతే. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాల నుంచి మొదలుపెట్టడానికి ఓ మనిషి కావాలి. తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని జట్లు చేసే పద్ధతిని ప్రథమ్ సంస్థ ఎన్నో రాష్ట్రాల్లో నడిపి చూపింది.

ఈ కేంద్రాల్లోని అసలు లోపం వ్యాసకర్త కంట పడలేదు. సెమిస్టర్ పరీక్షలు రాగానే ఇంజినీరింగ్ వలంటీర్లు మాయమవుతారు. పుట్టినరోజు కేకు కోసి, ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్ల సంగతి సరేసరి. బస్తీలోనే ఇంటర్ చదివిన అమ్మాయిని నెలనెలా గౌరవ వేతనమిచ్చి పెట్టుకోవాలి. దాతలు స్కూలు బ్యాగులు పంచడం ఆపి ఆ డబ్బు ఇటు మళ్లిస్తే సరిపోతుంది.

– ఒక వలంటీరు, సికింద్రాబాద్