అటు చెకింగ్ ఉంది, ఇటు నుంచి రా

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. ఇంత పెద్ద లెక్కలో తాగి నడపడం వల్ల పోయినవాళ్లంటూ చూపించింది నాలుగు వేల పైచిలుకే. చాలా చావులు అతివేగం ఖాతాలోకి వెళ్లాయి. అంకె చిన్నదే కదా అని ఊరట పడొచ్చు. అది అంత చిన్నగా ఉండటంలో మన చెయ్యీ ఉంది.

ఆస్పత్రి క్యాజువాల్టీ ముందు నిలబడి, ‘తాగాడని రాయకండి సార్, ఇన్సూరెన్స్ రాదు’ అని బతిమాలింది మనమే. ఆ క్షణంలో ఆ ఇంటికి డబ్బు ఎంత అవసరమో తెలుసు కాబట్టి తప్పనిపించలేదు. తర్వాత పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా ఎవరం నోరు విప్పలేదు. గండం అన్నాం, రోడ్డు బాగాలేదన్నాం. పోయినవాడి గురించి చెడ్డగా మాట్లాడకూడదన్న మర్యాద, ఆ రాత్రి వాడితో కలిసి తాగి వాడి చేతికే బండి ఇచ్చిన నలుగురికి రక్షణ అయింది. ఆ నలుగురూ మన పిల్లలే.

చట్టం మెత్తగా ఉందని సాకు చెప్పడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ గీత 80 దగ్గర ఉంది. కాగితం మీద మనమే కఠినం. కానీ డాలస్‌లో చదివే మన కుర్రాడు రెండు బీర్లు తాగితే స్టీరింగ్ ముట్టుకోడు. తాగి నడిపినందుకు డీయూఐ కేసు పడితే వీసా రద్దు కావచ్చని వాడికి తెలుసు, మనకూ తెలుసు. ‘క్యాబ్‌లో వెళ్లు నాన్నా’ అని ఇక్కడి నుంచి ఫోన్లో జాగ్రత్తలు చెబుతాం. అదే పిల్లాడు సెలవులకొచ్చి శనివారం రాత్రి గచ్చిబౌలి వెళ్తానంటే కారు తాళం తీసి ఇస్తాం. వినడానికి బాగుండదు గానీ, వాడి వీసాకు భయపడినంతగా వాడి ప్రాణానికి భయపడలేదు. ఎదురుగా వచ్చే బండిలో ఉన్నవాళ్ల ప్రాణాల మాట ఇక చెప్పేదేముంది.

వాళ్ల మాట ఒక్కసారి గట్టిగా తలుచుకున్నాం. 2016 జూలై 1న హైదరాబాద్ పంజాగుట్ట ప్రాంతంలో తాగి ఉన్న విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎగిరి మరో కారు మీద పడింది. ఒకే కుటుంబంలో చిన్నపాపతో సహా ముగ్గురు పోయారు. వయసు నిండనివాళ్లకు మద్యం పోసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. కొవ్వొత్తులు పట్టుకుని నడిచాం, టీవీల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాం. తెలంగాణలో మద్యం అమ్మాలంటే ఎదుటివాడికి 21 ఏళ్లు నిండాలి. మన వీధి చివరి బార్‌లో వయసు అడుగుతున్నారా లేదా అని ఆ తర్వాతైనా వెళ్లి చూసిన కాలనీ సంఘం నాకు తెలిసి ఒక్కటీ లేదు.

పోలీసులు మాత్రం పైపులో ఊదిస్తూ రోడ్డు మీద నిలబడ్డారు. మనమేం చేశాం? వాట్సాప్ గ్రూపులు పెట్టుకున్నాం. శుక్రవారం రాత్రి పది దాటగానే ఎక్కడ బారికేడ్లు పెట్టారో, ఏ సందు ఖాళీగా ఉందో మెసేజీలు. రోడ్డు విషయంలో ఒక సమాజంగా మనం నిజంగా కట్టుకున్న ఏర్పాటు ఏదైనా ఉందంటే ఇదే. నిమిషాల్లో పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, కులమతాల తేడా లేదు. ఈ మెసేజీలు పంపేది కుర్రాళ్లే అనుకోకండి, నా వయసు వాళ్లూ ఉన్నారు. తప్పించుకోలేక దొరికిపోతే, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అర్ధరాత్రి ఫోన్లు చేసేదైతే పూర్తిగా మనమే. అదీ కుదరకపోతే గోషామహల్‌లో ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కు కొడుకు పక్కన తలొంచుకుని కూర్చుంటాం. కుటుంబాన్ని ఈ కథలోకి పిలవడానికి పోలీసులు కావలసి వచ్చారు.

తాగుడును అదుపు చేయడం జనం వల్ల కాదని అనడానికి మనకు నోరు రాకూడదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా అమ్మకాలకు అడ్డం పడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, అది వేరే కథ. మళ్లీ నిషేధం కావాలని నేననడం లేదు. తమ ఊరి తాగుడు తమ పని అని వాళ్లు అనుకున్నారు. మనం దాన్ని జనవరిలో రోడ్డు భద్రతా మాసానికి అప్పగించాం. కాలేజీ ఆడిటోరియం, ఎస్సైగారికి శాలువా, చెయ్యి చాచి ప్రతిజ్ఞ, గ్రూప్ ఫోటో. ఫేర్‌వెల్ పార్టీ రాత్రి ఆ పిల్లల్లో ఎవరు ఎలా ఇల్లు చేరారో కాలేజీ వాళ్లు అడగలేదు. ఫీజు కట్టిన మనమూ అడగలేదు.

అడిగితే తేలిగ్గా అయ్యే పనులున్నాయి. హైదరాబాద్‌లో మెట్రో ఆఖరి రైలు వెళ్లిపోయాక కూడా బార్లు తెరిచే ఉంటాయి. డిసెంబరు 31 రాత్రి మాత్రం రైళ్లు మరికాసేపు నడుపుతారు. మిగతా శనివారాల సంగతేమిటని ఏ అపార్ట్‌మెంటు అసోసియేషనూ అర్జీ పెట్టలేదు, లిఫ్టు మరమ్మతుకు మాత్రం నెల నెలా పెడతాం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అంటే, కొన్ని ప్రభుత్వాలు రోడ్ల పేర్లే మార్చేశాయి. పేపర్లో చదివి నవ్వుకున్నాం.

వినాయక చవితికి చందా పుస్తకం మళ్లీ వస్తుంది. మండపం, లైటింగ్, డీజే, అన్నదానం, అన్నిటికీ పద్దులుంటాయి. లడ్డూ వేలం లక్షల్లో పలుకుతుంది. నిమజ్జనం రాత్రి కుర్రాళ్లను ఇళ్లకు దింపడానికి రెండు ఆటోలూ, తాగని ఇద్దరు డ్రైవర్లూ అన్న పద్దు మా కమిటీ పుస్తకంలో ఇంతవరకూ లేదు. రాయమని మాలో ఎవరమూ అడగలేదు.