ఇంజెక్షన్ల సంగతి ఊళ్లో డాక్టరుకు చెప్పారా?

మొన్నో పెళ్లిలో చిన్ననాటి స్నేహితురాలు కలిసింది. భోజనాలయ్యాక పక్కన కూర్చుని మెడ చూపించింది. ‘ఇదిగో, ఇక్కడే రక్తం గడ్డకట్టిందే’ అంది. రెండేళ్ల కిందటి మాట. హైదరాబాద్‌లో ఐవీఎఫ్ చేయించుకుని ఊరికి వచ్చిన నెలకి మెడ నొప్పి, చెయ్యి వాపు. తలగడ సరిగ్గా లేదేమో అనుకున్నారు ఇంట్లో. వీధి చివరి డాక్టరు నొప్పి మాత్రలిచ్చారు. ఆయన్ని అనడానికి లేదు. వైద్యం సంగతి ఆయనకు చెబితే కదా! ‘కడుపు నిలిచాక చెబుదాంలే’ అన్నారట అత్తగారు. నాలుగో రోజున స్కాన్‌లో బయటపడింది. ఇప్పుడు పాపకు ఏడాది దాటింది, ఇద్దరూ బాగున్నారు.

కాళ్లలో గడ్డలు తెలుసు గానీ మెడలోనా అని నాకూ అనుమానం వచ్చింది. ఈ వైద్యం తర్వాత మెడ, చేతుల సిరల్లోనూ కడతాయట. పైగా అంతా అయిపోయిందనుకున్న కొన్ని వారాలకు!

ఎందుకిలా? నెలకు ఒక్క అండం తయారయ్యే చోట పది పన్నెండు కావాలని రోజూ ఇంజెక్షన్లిస్తారు. ఈస్ట్రోజెన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, దాంతో రక్తానికి గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. కొందరిలో అండాశయాలు అతిగా ఉబ్బి, రక్తనాళాల్లోని నీరు పొట్టలోకి దిగుతుంది. పప్పుచారు మరిగి మరిగి చిక్కబడినట్టు, మిగిలిన రక్తం చిక్కబడుతుంది. అసలు ప్రమాదం వీరికే.

స్వీడన్‌లో 1990-2008 మధ్య ఐవీఎఫ్‌తో తల్లులైన 23 వేల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించి, 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. మొదటి మూడు నెలల్లో సిరల్లో గడ్డలు మామూలు గర్భిణుల్లో పదివేలకు ముగ్గురికి వస్తే, వీరిలో 15 మందికి వచ్చాయి. భయపడి వైద్యం మానుకోవాల్సిన సంఖ్యేం కాదు. కానీ అయిదు రెట్లన్న మాట ముందే చెప్పాలా, వద్దా?

చెప్పాలనే చట్టం అంటోంది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం దుష్ప్రభావాలు, ప్రమాదాలు వివరించి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. మా స్నేహితురాలూ సంతకాలు పెట్టింది. ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించారట. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితాలు చదివే తీరిక, చదవమనే ఓపిక రెండూ లేవు.

ఇక ఇంటి సంగతి. పిండం పెట్టించుకుని రాగానే ‘కాలు కింద పెట్టకు’ అంటాం. ప్రేమతోనే! కానీ మంచం మీద ఉన్నంత మాత్రాన గర్భం నిలిచే అవకాశం పెరగదని పరిశోధనలు తేల్చాయి. గర్భంలో పెట్టిన పిండం లేచి నడిస్తే జారిపోదు. కదలకుండా పడుకుంటే మాత్రం కాళ్లలో రక్తం మందగిస్తుంది. మామూలు ఇంటి నడక నడవనివ్వండి.

ఇంతకుముందు మీకు గానీ, అమ్మకో అక్కకో గానీ రక్తం గడ్డకట్టి ఉంటే ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందే చెప్పండి. పీసీఓడీ ఉన్నవారిలో అండాశయాలు ఉబ్బే ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు చివరి ఇంజెక్షన్ మార్చి, పిండాలను శీతలీకరించి, తర్వాతి నెలల్లో ప్రవేశపెట్టే పద్ధతి ఉంది. అవసరమైతే డాక్టర్లు హెపారిన్ ఇస్తారు. అది సొంతంగా వాడేది కాదు. ఒక కాలో చెయ్యో వాచినా, మెడ నొప్పి తగ్గకపోయినా అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి.

దాచిపెట్టిన పిండంతో రెండో బిడ్డకు ప్రయత్నిద్దామనుకుంటోంది మా స్నేహితురాలు. ఈసారి ఫైలు పట్టుకుని ముందు ఆ వీధి చివరి డాక్టరు దగ్గరకే వెళుతుందట. తోడు ఎవరనుకున్నారు... అత్తగారే!